మందు వద్దనే హక్కు ఎవరిది?



మాకు తెలిసిన ఒక కుటుంబములోని అమ్మాయి అమెరికాలో ఒక బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ రెసిడెంటుగా ఉన్నది. తండ్రి రైల్వేలో పనిచేసి రిటైరై పెరంబూరులో స్థిరపడినవారు. ప్రతి ఆదివారము సాయంకాలము కూతురి దగ్గర నుండి ఫోను వస్తుంది. ఒక ఆదివారము ఆ అమ్మాయి "ఈ నెల నాకు ఇన్‌ఫెక్షన్ విభాగములో డ్యూటీ నాన్నా" అన్నదట. "అక్కడ ఏమి చేస్తావమ్మా?" అని ఆయన అడిగితే, "ఎక్కువగా మందులు ఆపిస్తున్నాను" అని జవాబు చెప్పిందట. ఆయన ఈ మాట మాతో చెప్పి, "అప్పు చేసి చదివించినది మందులు ఇవ్వడానికా, ఆపడానికా?" అని నవ్వారు. నవ్వినారు గాని ఆయన మనస్సులో సందేహము ఉన్నది. మాకు కూడ అట్టి సందేహము ఒకప్పుడు కలిగినది. అది నవ్వుతో పోయే సందేహము కాదు.

జబ్బుపడిన మనిషి ఎదుట నిలిచి, "నీకు ఈ మందు ఇవ్వను" అని చెప్పుటకు ఎవరికైనా హక్కు ఉన్నదా? ఉంటే ఆ హక్కు ఎక్కడ నుండి వస్తుంది? ఈసారి ఈ ప్రశ్న మీ ముందు ఉంచుతున్నాము.

ముందుగా ఆ డ్యూటీ ఏమిటో చెప్పవలెను. అమెరికాలో జనరల్ మెడిసిన్ రెసిడెన్సీ మూడు సంవత్సరములు. ఆ మూడేళ్లలో కుర్ర డాక్టర్లను గుండె విభాగము, మూత్రపిండముల విభాగము, ఐ.సి.యు. అని కొన్ని కొన్ని వారములు తిప్పుతారు. వాటిలో అంటువ్యాధుల విభాగము ఒకటి. మిగతా విభాగములకూ దీనికీ ఒక తేడా ఉన్నది. ఈ విభాగము డాక్టర్లకు చాలచోట్ల సొంత వార్డు అంటూ ఉండదు. సర్జరీవారు పిలుస్తారు, గుండె డాక్టర్లు పిలుస్తారు, ఎముకలవారు పిలుస్తారు: "మా రోగికి జ్వరము తగ్గడము లేదు, వచ్చి చూడండి" అని. రెసిడెంటు వెళ్లి, రోగి ఫైలు మొదటి రోజు నుండి చదివి, రోగిని తానే మళ్లీ మొదటినుండి అడిగి, ఒళ్లంతా పరీక్షించి, లేబరేటరీకి పోయి అక్కడ ప్లేట్ల మీద ఏమి పెరిగిందో కళ్లారా చూచి, తన పై డాక్టరుతో చర్చించి, ఒక సలహా వ్రాస్తాడు. అది సలహా మాత్రమే, ఆజ్ఞ కాదు. ఒప్పుకోవడము, ఒప్పుకోకపోవడము పిలిచినవారి ఇష్టము. ఇరవై ఏళ్ల అనుభవమున్న సర్జను దగ్గరకు రెండేళ్ల రెసిడెంటు వెళ్లి "అయ్యా, ఈ మూడు మందులలో రెండు అనవసరము" అని చెప్పడము ఎంత కష్టమో ఉద్యోగము చేసిన మన అందరికీ తెలిసినదే.

వీరు అడిగే ప్రశ్నలు వింటే రోగి బంధువులకు పోలీసు విచారణ లాగ ఉంటుంది. ఏ ఊరిలో పుట్టారు? ఏయే ఊళ్లు తిరిగారు? ఇంట్లో కుక్క ఉన్నదా, కోళ్లు ఉన్నవా? పచ్చిపాలు త్రాగారా? పన్ను పీకించుకున్నారా? ఇంట్లో ఎవరికైనా టి.బి. ఉండినదా? ఏ పని చేస్తారు, ఆ పనిలో చేతులు దేనిలో పెడతారు? ఇవన్నీ ఎందుకనగా, జ్వరము ఒకటే అయినా దాని వెనుక ఉండే క్రిములు వందలు. క్రిమి ఏదో తెలియక ఇచ్చే మందు చీకటిలో విసిరిన రాయి.

ఇక లేబరేటరీ. రక్తము సీసాలలో పోసి క్రిమి పెరుగుతుందేమో అని చూస్తారు. పెరిగితే దానిని ప్లేటు మీద పరచి, ఒక్కొక్క మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. పనిచేసే మందు చుట్టూ క్రిములు పెరగక గుండ్రముగా ఖాళీ స్థలము ఏర్పడుతుంది. పనిచేయని మందు చుట్టూ బిళ్లను ఆనుకొని కూడ పెరుగుతవి. చదువు రానివారికి కూడ అర్థమయ్యే బొమ్మ అది. దీనికంతటికీ రెండు మూడు రోజులు పడుతుంది. జబ్బు తీవ్రముగా ఉన్నవారికి ఆలోగా ఏదో ఒక బలమైన మందు మొదలుపెట్టక తప్పదు. తరువాత రిపోర్టు చూచి ఆ మందును తగ్గించవలెనా, మార్చవలెనా, ఆపవలెనా అని తిరిగి ఆలోచించడము ఈ విభాగమువారి పని. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ 2017 నుండి ప్రతి ఆసుపత్రిలోను ఇట్టి కాపలా ఏర్పాటు ఉండి తీరాలని నియమము పెట్టినది.

ఆపడమే వీరి పని అనుకోవద్దు. రక్తములో స్టెఫిలోకాకస్ అనే క్రిమి కనబడినప్పుడు వీరు వచ్చి, గుండె వాల్వులకు స్కాను తీయించమంటారు, రక్తము మళ్లీ మళ్లీ పరీక్షించమంటారు, ఇంజెక్షన్లు రోజులు కాదు వారములు ఇమ్మంటారు. అట్టి రోగులను ఈ విభాగమువారు చూచిన చోట మరణములు తక్కువగా ఉన్నవని అనేక పరిశీలనలలో తేలినది. అయినా పెరంబూరు తండ్రిగారి కూతురు చెప్పినట్లు, రోజువారీ పనిలో ఎక్కువ భాగము "ఇది వద్దు, అది చాలు" అని చెప్పడమే.

ఇంక మా ఇంటి సంగతి.

2017 నవంబరులో మా పెద్దక్కకు జ్వరము వచ్చినది. అక్కవాళ్లది హోసూరు పక్క పల్లె. రెండు ఆవులు, కాస్త మెట్టపొలము. ఊళ్లోని డాక్టరు రెండు రోజులు సూదులు వేశాడు. తగ్గలేదు. టౌనులో నర్సింగ్ హోముకు తీసుకొనిపోయాము. అక్కడ మూడు రోజులు. మెరొపెనెమ్ అనే ఇంజెక్షను రోజుకు మూడుసార్లు, దానికి తోడు ఇంకొకటి. మందులకే రోజుకు ఆరేడు వేలు. అక్క గాజులు తాకట్టుకు పోయినవి. మూడవ రాత్రి ఆయాసము మొదలైనది. "ఇంక మా వల్ల కాదు, పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపొండి" అన్నారు. తీసుకొనిపోయాము. ఆసుపత్రుల పేర్లు ఇక్కడ వ్రాయము, వ్రాసి ప్రయోజనము లేదు.

పెద్ద ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, రక్తము పరీక్షలకు పంపారు, ఆ మెరొపెనెమే కొనసాగించారు. మధ్యాహ్నము ఇన్‌ఫెక్షన్ విభాగము నుండి ఒక డాక్టరమ్మ వచ్చినది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది ఏళ్లు ఉంటవేమో. తమిళము కలిసిన తెలుగు. "అమ్మా, ఆవులకు గడ్డి ఎక్కడ కోస్తారు? గట్టు మీదనా, పొదలలోనా? ఎలుకలు తిరుగుతాయా?" అని అడిగినది. మా బావగారికి చిరాకు వేసింది. మనిషి ఊపిరి ఆడక ఉంటే గడ్డి లెక్కలు ఏమిటని. ఆమె మమ్మల్ని బయటకు పంపి, తెర వేయించి, నర్సును పక్కన పెట్టుకొని అక్కను తల నుండి పాదము వరకు చూచినది. ఎడమ రొమ్ము క్రింద మడతలో నల్లటి పెచ్చు ఒకటి, బీడీ కాలినట్లు. నొప్పి లేదు, దురద లేదు. అక్క కూడ దానిని గమనించలేదు. అంతకు ముందు మూడుచోట్ల చూచినవారు చీర మడత తీసి చూడలేదు.

దానిని స్క్రబ్ టైఫస్ అంటారు. పొదలలో, గడ్డిలో ఉండే, కంటికి సరిగా కనబడని ఒక పురుగు పిల్ల కుట్టడము వలన వస్తుంది. వానలు వెలిసి చలి మొదలయ్యే నెలలలో మన దక్షిణ జిల్లాలలో ఇది ఎక్కువ. మెరొపెనెమ్ ఎంత ఖరీదైనదైనా ఆ క్రిమి మీద పనిచేయదు. దానికి మందు డాక్సీసైక్లిన్ అనే సామాన్యమైన బిళ్ల. యూనిట్ డాక్టర్లకు కూడ ఆ అనుమానము ఉండి రక్తము పంపారు గాని రిపోర్టు మరునాటికి గాని రాదు. ఈమె పెచ్చు చూచిన గంటలోనే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టించినది. మరునాడు రిపోర్టు వచ్చిన తరువాత మెరొపెనెమ్ ఆపమని వ్రాసినది. యూనిట్ పెద్ద డాక్టరు ఒప్పుకొని ఆపించారు.

అప్పుడు మా బావగారు ఊరుకోలేదు. "ఏమమ్మా, వేల రూపాయల మందు ఆపేసి పది రూపాయల బిళ్ల ఇస్తావా? మేము డబ్బు కట్టలేమనా?" అని గట్టిగా అన్నారు. మేమూ ఆయన ప్రక్కనే నిలబడినాము. సిగ్గుపడి చెబుతున్నాము. ఆమె కోపగించుకోలేదు. "మీ డబ్బు గూర్చి కాదండీ. ఆ మందు అమ్మకు ఇప్పుడు పని చేయడము లేదు. ఇంకొకరికి పని చేయవలసి ఉన్నది" అన్నది. రెండు రోజులలో అక్కకు జ్వరము దిగినది.

(ఇక్కడ ఒక మాట. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబములోనిది. ఆ కుటుంబములో మొదటిది ఆరియోమైసిన్, 1948లో లోకమునకు తెలిసినది. దానిని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. అది జరిగిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అప్పుడు నాయకుడు భీమవరములో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, సముద్రము దాటిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అక్క మంచము ప్రక్కన కూర్చున్నప్పుడు ఈ సంగతి మాకు తెలియదు. తెలిసి ఉంటే బావగారికి చెప్పి ఉందుము, కాస్త శాంతించి ఉండేవారు.)

కథ ఇంతటితో అయిపోతే ఈ వ్యాసము అక్కర లేదు. డాక్టరమ్మ గెలిచినది, మనము ఓడినాము, అంతే. "ఇంకొకరికి" అన్న ఆ మాట మాత్రము మాకు చాల రోజులు మింగుడు పడలేదు. ఎవరు ఆ ఇంకొకరు? పేరు లేదు, ఊరు లేదు, ఇంకా జబ్బు కూడ పడలేదు. ఎదుట మంచము మీద ఉన్న మనిషికి, ఎక్కడో ఉన్న ఆ మనిషిని పోటీ పెట్టడము న్యాయమేనా?

ఈ మందులకు మిగతా మందులకు ఒక భేదము ఉన్నది. నేను బి.పి. బిళ్ల వేసుకుంటే నీ బి.పి. బిళ్ల బలము తగ్గదు. క్రిములను చంపే మందు అట్లు కాదు. వాడిన కొద్దీ దానికి లొంగని క్రిములు మిగిలి, పెరిగి, మనిషి నుండి మనిషికి పాకుతవి. చెరువు నీరు వంటిది అది. ఎగువ రైతు తన మడిలో అవసరము లేకపోయినా మోకాటి లోతు నిలువ పెట్టుకుంటే కాలువ చివర మడి ఎండిపోతుంది. ఎగువ రైతుకు ఆ చివరి రైతు ముఖము కూడ తెలియకపోవచ్చును. అందుకే ఊరు ఊరంతా కలిసి తూము దగ్గర నీరటిని పెట్టుకొన్నది. 2010లో ఒక వైద్య పత్రికలో చెన్నైలోను హర్యానాలోను దొరికిన కొన్ని క్రిముల గూర్చి ప్రకటించారు. మెరొపెనెమ్ వంటి మందులను కూడ విరగ్గొట్టే శక్తి వాటికి ఉన్నది. 2019 ఒక్క సంవత్సరములోనే మందులకు లొంగని క్రిముల మూలముగా లోకములో సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించారని 2022లో లెక్క కట్టారు. కాలువ చివర మడులు ఇప్పటికే ఎండుతున్నవి.

పెనిసిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగు 1945 డిసెంబరులో నోబెల్ బహుమతి పుచ్చుకొన్నప్పుడు చేసిన ఉపన్యాసములో ఒక కల్పిత ఉదాహరణ చెప్పారు. ఒకాయన గొంతు నొప్పికి తానే పెనిసిలిన్ కొనుక్కొని చాలీ చాలని మోతాదు వేసుకుంటాడు. క్రిములు చావవు, పైగా మందుకు అలవాటు పడతవి. అవే భార్యకు అంటి న్యుమోనియా వస్తుంది. ఆమెకు పెనిసిలిన్ ఇచ్చినా పనిచేయదు, ఆమె చనిపోతుంది. ఆమె మరణమునకు బాధ్యుడెవరు? భర్తయే అని ఫ్లెమింగు తీర్పు.

మేము ఆ తీర్పును పూర్తిగా అంగీకరించలేము. ఆ భర్తకు మందు అమ్మినవాడు ఎవరు? అతనిని చూచి, అడిగి, నీ గొంతు నొప్పికి ఇది అక్కర లేదని చెప్పేవారు అతని ఊరిలో ఉన్నారా? మన దేశములో 2014 మార్చి 1 నుండి 46 మందులను, వాటిలో 24 క్రిములను చంపే మందులను, షెడ్యూల్ హెచ్1 అనే పట్టీలో చేర్చినారు. వాటిని అమ్మేటప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు పుస్తకములో వ్రాసి మూడేళ్లు దాచవలెను. నియమము మంచిదే. కాని సాయంత్రము నూరు మందిని చూచే క్లినిక్కులో డాక్టరు ఒక్కొక్కరికి గడ్డి గూర్చి, ఎలుకల గూర్చి అడగగలడా? భివండీ మగ్గాల మీద పనిచేసే మనవాడికి "రక్తము ఇచ్చిపో, మూడు రోజుల తరువాత రా" అంటే ఆ మూడు రోజుల కూలి ఎవరు ఇస్తారు? ఇవ్వను అనే మాట ఉన్నవాడికి ఒక వెల, లేనివాడికి ఇంకొక వెల. రేపటి రోగి పేరు చెప్పి ఇవాళటి పేదవానికి మందు ఆపి, ధనవంతునికి అడిగినది అడిగినట్లు వ్రాసి ఇస్తే, అది నీరటి పని కాదు.

ఇంకొకటి గమనించాము. మా అక్క విషయములో నిజానికి పోటీ లేనే లేదు. మెరొపెనెమ్ ఆపినందువలన అక్క పోగొట్టుకొన్నది ఏమీ లేదు. ఉంచి ఉంటే విరేచనములో, ఇంకొక ఇబ్బందియో కలిగి ఉండవచ్చును. మరి ఆ మందు ఎందుకు ఇచ్చినట్లు? మా అక్క జ్వరమునకు కాదు, జ్వరము ఏమిటో తెలియని డాక్టరు భయమునకు ఇచ్చారు. మా భయమునకు కూడ. ఖరీదైన మందు ఎక్కుతున్నంత సేపు మేము ఏదో చేస్తున్నామనే ధైర్యము మాకు ఉండినది. ఎదుటి రోగికీ రేపటి రోగికీ నిజముగా తగవు వచ్చే సందర్భములు ఉన్నవి గాని, మనము అనుకొన్నంత ఎక్కువగా లేవు. చాలసార్లు తగవు తెలియనితనముతోనే.

అయితే తగవు నిజముగా వచ్చినప్పుడు? అది కూడ ఆ వార్డులోనే చూచాము.

అక్క ప్రక్క మంచములో కోలారు వైపు నుండి వచ్చిన ఒక పెద్దాయన ఉండినారు. షుగరు జబ్బు, కాలి పుండు, ఆపరేషను అయినది. వారము రోజులు మందులు ఎక్కినవి. పుండు శుభ్రముగా కనబడుచున్నదని, జ్వరము లేదని, ఇంక మందు చాలునని ఆ డాక్టరమ్మే వ్రాసినది. ఆపారు. మరునాటి రాత్రి ఆయనకు వణుకుతో జ్వరము వచ్చినది. పదకొండు గంటల వేళ ఆమె వచ్చినది. జుట్టు ముడి వేసుకొని, కాళ్లకు హవాయి చెప్పులు. ఎవరో పిలిచి ఉంటారు, లేక తానే వచ్చినదో. కట్టు విప్పించి, వేలితో నొక్కి చూచి, సర్జరీవారికి ఫోను చేసినది. లోపల ఎముక దగ్గర చీము నిలిచి ఉన్నదట. తరువాత ఆ పెద్దాయన కుమారుని దగ్గరకు వచ్చి, "నిన్న ఆపమని వ్రాసినది నేనే. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టమని వ్రాస్తున్నాను. నేను అనుకొన్నట్లు జరగలేదు" అని చెప్పినది. అతడు ఏమీ మాట్లాడలేదు. మేము అక్కను ఇంటికి తీసుకొని వచ్చేనాటికి ఆ పెద్దాయన ఐ.సి.యు.లోనే ఉన్నారు.

ఆ రాత్రిని ఎవరి ఖాతాలో వ్రాయాలి? ఫ్లెమింగు లెక్క ప్రకారము మందు వృథా చేసినవాడు దోషి. మరి మందు ఆదా చేయబోయి పొరబడినవారు? కొందరు పెద్దలు అంటారు, వేయి మందికి మేలు జరిగేటప్పుడు ఒకరికి నష్టము తప్పదని. ఈ మాట చెప్పేవారు సాధారణముగా ఆ ఒక్కరు కారు. ఆ పెద్దాయన ఎవరి కొరకూ తన కాలును పణముగా పెడతానని ఒప్పుకోలేదు, ఆయనను ఎవరూ అడగలేదు కూడ. ఇంకొకవైపు, ఎప్పటికీ ఆపని డాక్టరు ఎప్పటికీ పట్టుబడడు. అతని మందు వలన పదేళ్ల తరువాత ఎక్కడో చనిపోయేవారి బంధువులు అతని తలుపు తట్టరు. ఆపినవారి తప్పు మరునాడే మంచము మీద కనబడుతుంది. ఇవ్వడములో ఉన్న భద్రత ఇదే. ఆపడమునకు కావలసిన ధైర్యము కూడ ఇదే.

మాకు తోచినది ఏమనగా, వద్దనే హక్కు పదవి వలన రాదు, రేపటి రోగుల లెక్క చూపినందువలన కూడ రాదు. ఎదుటి మనిషి కొరకు ఎంత శ్రమపడితే అంత మేరకే వస్తుంది. చీర మడత తీసి చూచినవారికి ఆ హక్కు ఉన్నది. లేబరేటరీకి నడిచిపోయి ప్లేటు చూచినవారికి ఉన్నది. ఆపిన తరువాత రాత్రి పదకొండు గంటలకు తిరిగి వచ్చి, "నేనే ఆపినాను" అని నోటితో చెప్పగలవారికి ఉన్నది. ఫైలులో ఒక గీత గీసి వెళ్లిపోయేవారికి లేదు, గీత సరియైనదే అయినా సరే. ఈ మాటకు మీలో కొందరు ఒప్పుకోరు. తిరిగి వచ్చినందువలన ఆ పెద్దాయన కాలికి ఏమి ఒరిగినది అని అడుగుతారు. కొంత ఒరిగినది, ఆ రాత్రే చీము తీయడానికి వీలైనది. మొత్తము ఒరగలేదు. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఆ చదువులో కుర్ర డాక్టర్లు నేర్చుకోవలసినది ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములని మాత్రమే అయితే పుస్తకము చాలును, వార్డుల వెంట తిప్పడము ఎందుకు? తాము చేర్చుకోని రోగి దగ్గరకు, అధికారము లేకుండ, ఒట్టి ప్రశ్నలతో వెళ్లడము, మరునాడు మళ్లీ వెళ్లడము, ఇది వెంట తిరిగితేనే అబ్బుతుంది. ఈ పనికి లోకము ఇచ్చే జీతము కూడ తక్కువే. కోసేవారికి, గొట్టము వేసేవారికి ఉన్నంత రాబడి ఆలోచించేవారికి లేదు. అమెరికాలో రెసిడెన్సీ తరువాత ఈ విభాగములో పైచదువుకు పెట్టిన సీట్లు ఈ మధ్య సంవత్సరములలో చాల ఖాళీగా మిగులుతున్నవి. మన దేశములో ఆ పైచదువు ఉన్న సంస్థలే తక్కువ. పెరంబూరు తండ్రిగారికి ఈ భాగము చదివి వినిపించము.

శ్రమపడి చూచినప్పుడు ఫలితము ఎప్పుడూ "తక్కువ ఇవ్వండి" అనే రాదు. మా అక్కకు వచ్చిన జబ్బు మీదనే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు మరి కొన్ని ఆసుపత్రులతో కలిసి 794 మంది రోగులను పరిశీలించి 2023లో ఫలితములు ప్రకటించారు. అందరూ జబ్బు తీవ్రముగా ఉన్నవారే. డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇచ్చినవారిలోను, అజిత్రోమైసిన్ ఒక్కటే ఇచ్చినవారిలోను నూటికి 47, 48 మందికి మరణమో, తగ్గని జ్వరమో, విడువని ఉపద్రవమో కలిగినది. రెండూ కలిపి ఇచ్చినవారిలో నూటికి 33 మందికే. ఒక మందు చాలుననుకొన్న చోట రెండు కావలసి వచ్చినవి. ఆ లెక్క చూచిన తరువాత మెరొపెనెమ్ ఆపించిన చేయే ఇంకొకరికి రెండవ మందు చేర్చవలెను. ఆపడము ఒక వ్రతము కాదు.

అక్క ఇప్పుడు బాగున్నది. గాజులు మరుసటి వేసవికి విడిపించుకొన్నాము. డాక్సీసైక్లిన్ బిళ్లలు ఒక పట్టీలో నాలుగు మిగిలితే పారవేయక పెట్టెలో దాచుకొన్నది, ఎంత చెప్పినా వినలేదు. ఆ మరుసటి సంవత్సరము చలికాలములో పొరుగింటి మునియప్ప జ్వరమని వచ్చి కూర్చుంటే, పెట్టె తెరచి రెండు బిళ్లలు అతని చేతిలో పెట్టినది. పెట్టిన తరువాత ఏమి తోచినదో, "ఉండు, మింగకు" అని ఆపి, "ఎన్నాళ్లయింది జ్వరము? గడ్డి ఎక్కడ కోశావు? చొక్కా విప్పు, చంకలో చూడాలి" అన్నది. అతడు సిగ్గుపడి గుమ్మము వైపు జరిగినాడు. అక్క లాంతరు తెప్పించినది, ఆ వేళ కరెంటు లేదు.